ఏరు ముంచినా... ఊరు వదలరు!

వేసవిలో చూస్తే బుడమేరును ఏరు అనడానికి నోరు రాదు. అడుగున నెర్రెలిచ్చిన మట్టి, రెండు పక్కలా తుమ్మ కంపలు, అక్కడక్కడా నాచు పట్టిన మడుగులు. గేదెలు తోలుకెళ్లే పిల్లాడు కాలి చెప్పు తడవకుండా అవతలి గట్టెక్కేస్తాడు. మైలవరం నుంచి జి.కొండూరు మీదుగా బెజవాడ వెళ్లే బస్సులో కూర్చున్నవాళ్లకు, పక్కన అలాంటి వాగొకటి ఉందన్న సంగతే పట్టదు.

2024 ఆగస్టు 31న మైలవరం చుట్టూ ఉన్న కొండల మీద ఆకాశం చిల్లుపడ్డట్టు వాన కురిసింది. తెల్లారేసరికి అదే వాగు గట్లు తెంచుకుంది. రాయనపాడు రైల్వేస్టేషన్లో పట్టాలు కనబడలేదు. సెప్టెంబరు 1న విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, జక్కంపూడి కాలనీ నీళ్లలో తేలాయి. లక్షల మంది మేడల మీదికి ఎక్కి పాల ప్యాకెట్ కోసం, మంచినీళ్ల సీసా కోసం పడవల వైపూ డ్రోన్ల వైపూ చూశారు. ప్రాణాలు పోయినవాళ్లు పదుల సంఖ్యలో ఉన్నారు.

ఆ వారమంతా టీవీల ముందు కూర్చున్న ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. ‘అసలు అక్కడ ఇల్లెందుకు కట్టుకున్నారు? తెలిసి తెలిసి ఏట్లో కాపురమేంటి?’ అని. అడగడం తేలికే. జవాబు దొరకాలంటే మాత్రం మునిగిన కాలనీల దగ్గర ఆగిపోతే సరిపోదు. నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో అక్కడిదాకా, అంటే మైలవరం కొండల దాకా వెళ్లాలి. అంతకన్నా ముందు ఓసారి ఇటలీ వెళ్లి రావాలి.

నిప్పుల కొండ కింద ద్రాక్ష తోట

ఇటలీలో నేపుల్స్ నగరాన్ని ఆనుకుని వెసువియస్ అగ్నిపర్వతం ఉంది. క్రీస్తుశకం 79లో పాంపేయి నగరాన్ని బూడిద కింద పాతిపెట్టింది అదే. చివరిసారి 1944లో పేలింది. మళ్లీ పేలదని చెప్పగలిగేవాళ్లు లేరు. అయినా అత్యంత ప్రమాదకరమని ప్రభుత్వం గీత గీసిన ప్రాంతంలోనే ఆరు లక్షలకు పైగా జనం కాపురముంటున్నారు. ఇల్లు ఖాళీ చేసి వేరేచోటికి వెళ్లిపోతే కుటుంబానికి 30 వేల యూరోల దాకా ఇస్తామని అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం 2000ల మొదట్లో పథకం పెట్టింది. వెళ్లినవాళ్లు కొద్దిమందే.

ఇండొనేషియాలోని మెరాపి సంగతీ అంతే. 2010లో అది పేలినప్పుడు 350 మందికి పైగా చనిపోయారు. పొగ ఆరగానే జనం ఆవుల్ని తోలుకుని మళ్లీ వాలు మీదికి వెళ్లిపోయారు.

వీళ్లకేమైనా పిచ్చా? కాదు. అగ్నిపర్వతం కక్కిన బూడిద ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడి మట్టవుతుంది. అందులో మొక్కకు కావలసిన ఖనిజాలు దండిగా ఉంటాయి. వెసువియస్ కింద ద్రాక్ష, టమాటా విరగకాస్తాయి. మెరాపి పక్కన ఏటి పొడవునా కొట్టుకొచ్చిన ఇసుకను లారీలకెత్తి బతికేవాళ్లున్నారు. కొండ నిప్పులు కక్కేది తరానికో, రెండు తరాలకో ఒకసారి. పంట పండేది ఏటా. పేలుడును రైతు తాత చూసి ఉంటాడు, పంటను రైతే చూస్తాడు. ఈ రెండింటినీ తక్కెడలో పెడితే ముల్లు ఎటు మొగ్గుతుందో చెప్పడానికి పెద్ద చదువులక్కర్లేదు.

మన దేశంలో బతికి ఉన్న అగ్నిపర్వతం ఒక్కటే, అండమాన్ సముద్రంలోని బ్యారెన్ దీవి. దాని మీద మనుషులుండరు. తెలుగునేలకు ఆ భయం లేదు. అలాగని నిప్పుతో మనకు బొత్తిగా చుట్టరికం లేదనుకుంటే పొరపాటే. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి ప్రాంతాల్లో కనబడే నల్లరాయి సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల కిందటి లావా. మైలవరం పొరుగునే ఉన్న కొండపల్లి కొండల్లో క్రోమైట్ దొరికింది. భూమి లోలోపల కరిగిన శిలాద్రవం బయటికి రాకుండా అక్కడే గడ్డకడితే ఏర్పడే ఖనిజమది. ఇక కృష్ణానది పుట్టింది మహాబలేశ్వర్ దగ్గర, ఒకప్పుడు లావా పొరలు పొరలుగా పరుచుకున్న కొండల్లో. ఆ రాయి అరిగి అరిగి నీళ్లలో కలిసి డెల్టా దాకా వచ్చింది. దివిసీమ రైతు దున్నే నల్లమట్టిలో ఎక్కడో మహారాష్ట్ర అగ్నిపర్వతాల నుసి ఉంది. దాన్ని మోసుకొచ్చింది ఎవరు? వరదే.

గొంతు తడవని మెట్ట

కృష్ణాజిల్లా అనగానే పచ్చటి వరిచేలు, నిండు కాలువలు గుర్తొస్తాయి. అదంతా కిందిభాగం. పడమటివైపున్న మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు వేరే లోకం. ఇది మెట్ట. 2022లో జిల్లాలు విడగొట్టాక ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. బోర్డులు మారాయిగానీ దాహం మారలేదు. నాగార్జునసాగర్ ఎడమకాలువ పటంలో ఇక్కడిదాకా గీత ఉంటుంది. కానీ ఇది కాలువ చిట్టచివర. పంక్తిలో ఆఖరున కూర్చున్నవాడి విస్తరి ఎలా ఉంటుందో, చివరి ఆయకట్టు అలా ఉంటుంది. పైవాళ్లందరూ తిన్నాక మిగిలితే మిగిలినట్టు.

అందుకే ఇక్కడి రైతు కాలువకన్నా వాగునే నమ్ముకున్నాడు. మైలవరం, రెడ్డిగూడెం వైపు మామిడితోటలు, జగ్గయ్యపేట, నందిగామ వైపు పత్తి, మిరప, మధ్యమధ్య కాగితం మిల్లులకు వెళ్లే సుబాబుల్. వీటన్నిటికీ ప్రాణాధారం కొండల మీద పడిన వాన వాగుల్లోకి దిగడం, వాగులు చెరువుల్ని నింపడం, చెరువుల కింద బోర్లలో నీళ్లు నిలవడం. ఒక ఏడాది వాగు రాకపోతే మరుసటి వేసవికి బోరు గాలి కొడుతుంది. మామిడిచెట్టు పూత నిలుపుకోలేదు.

మైలవరం అంటే పాతతరం వాళ్లకు జమీందార్ల నాటక కంపెనీ గుర్తొస్తుంది. సూరానేని వారి ఆదరణలో నడిచిన బాలభారతి నాటక సమాజం ఒకనాడు ఆంధ్రదేశమంతా పేరు మోసింది. నాటకాలు పోయాయి, చెరువులు మిగిలాయి. ఇప్పటికీ ఆగస్టు వచ్చిందంటే ఊళ్లో మాట్లాడుకునేది చెరువెంత నిండిందనే. మూడువంతులు నిండితే మొహాలు విప్పారతాయి, అలుగు పారితే పండగే. ఆ అలుగు నీళ్లు ఎక్కడికి పోతాయన్నది మైలవరానికి పట్టే విషయం కాదు. అవి పోయి పోయి బుడమేట్లో కలుస్తాయి.

ఇక్కడి జనం నీటి పక్కన చేరడం ఈనాటిది కాదు. జగ్గయ్యపేటను చూడండి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అప్పటి బేతవోలును బాగుచేసి, తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడని చరిత్ర. కానీ ఊరి అసలు వయసు పాలేటి ఒడ్డునున్న ధనంబోడు చెబుతుంది. అక్కడి బౌద్ధస్తూపం క్రీస్తుకు ముందునాటిది. 1880ల్లో జేమ్స్ బర్జెస్ దాన్ని తవ్వించి వెలికితీశాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో సిద్ధార్థుడనే శిల్పి అక్కడ స్తంభాలు నిలబెట్టించినట్టు శాసనం ఉంది. రెండువేల ఏళ్ల కిందట కూడా ఏటి పక్కనే గుట్ట చూసుకుని, గుట్టమీద స్తూపం కట్టుకున్నారన్నమాట. నీరు చేతికందాలి, కాళ్లకు తగలకూడదు. ఆ భిక్షువుల లెక్క భలే లెక్క.

అందరికీ గుట్ట దొరకదు. నందిగామ పక్కన మున్నేరు ఉంది. ఎక్కడో తెలంగాణలో పుట్టి, ఖమ్మం మీదుగా వచ్చి కృష్ణలో కలుస్తుంది. మామూలు రోజుల్లో ఇసుకా, ఊటబావుల నీళ్లూ ఇస్తుంది. కోపమొస్తే హైదరాబాద్ రహదారినే మింగుతుంది. 2023 జులైలో ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి మున్నేరు ఎక్కి రాకపోకలు ఆగిపోయాయి. 2024 వానల్లో మళ్లీ అదే చోట, అదే కథ. నీళ్లు తీశాక మిరప మొక్క కుళ్లిపోయిన చేలో రైతు మళ్లీ దుక్కి చేశాడు. మున్నేటి పక్క పొలమంటే కౌలు కూడా ఎక్కువే మరి. ముంపు భయం ఉన్నా నీటి ఆశ ధర పెంచుతుంది.

అంటే ఇక్కడిదాకా కథ ఇటలీ కథలాంటిదే. ఇచ్చేదీ ముంచేదీ ఒకటే. ఏడాదిలో పదకొండు నెలలు నీళ్లకోసం మొక్కే మనిషి, పన్నెండో నెలలో వచ్చిన నీళ్లను తిట్టుకుంటాడు తప్ప వదిలి వెళ్లడు.

వెలగలేరు దాటాక...

అసలు చిక్కు వెలగలేరు దగ్గర మొదలవుతుంది. మైలవరం కొండల నుంచి వచ్చిన వాగులన్నీ కలిసిన బుడమేరుకు జి.కొండూరు మండలం వెలగలేరు దగ్గర అడ్డంగా తలుపులు పెట్టారు. అక్కడి నుంచి నీటికి రెండు దారులు. ఒకటి దాని సొంతదారి. విజయవాడ ఉత్తరపు అంచునే వెళ్లి, గుణదల దాటి, ఎనికేపాడు దగ్గర కాలువ కిందనుంచి దూరి, కొల్లేట్లో కలిసేది. రెండోది మనుషులు తవ్విన దారి. నగరం మునగకుండా నీళ్లను ఇటు మళ్లించి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపే మళ్లింపు కాలువ. పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీళ్లు కూడా చివరికి ఈ కాలువలోంచే కృష్ణను చేరుకుంటాయి.

కాగితం మీద ఏర్పాటు బాగానే ఉంది. మళ్లింపు కాలువ పట్టేది 15 వేల క్యూసెక్కులు. 2024లో వచ్చింది దానికి రెట్టింపు దాటింది. కవులూరు, కొండపల్లి ప్రాంతాల్లో కాలువ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. వెలగలేరు తలుపులెత్తితే పాతదారిలోకీ నీళ్లు వెళ్లాయి. అదే సమయంలో కృష్ణ కూడా నిండుగా ఉంది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదు. అంతకు ముందరి రికార్డు 2009 అక్టోబరుది. నది నిండితే పక్కకాలువ నీళ్లను తనలోకి రానివ్వదు. గండ్లు పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది. ఇనుప బుట్టల్లో రాళ్లు పేర్చి, సెప్టెంబరు 7కు గానీ మూడో గండి మూసుకోలేదు. ఆలోగా కవులూరు పొలాల్లోకి మట్టి, నగరంలోకి నీళ్లు చేరిపోయాయి.

వెసువియస్ దగ్గర ద్రాక్ష తినేవాడి నెత్తిమీదే బూడిద పడుతుంది. లాభమూ నష్టమూ ఒకే ఇంటివి. బుడమేరు దగ్గర అలా కాదు. వానతో చెరువు నిండి సంతోషించేది మైలవరం. అలుగు పారిన నీళ్లకు మంచం మునిగేది సింగ్‌నగర్. అక్కడివాళ్లకు బుడమేరు ఏమిచ్చింది? చేను లేదు, చేప లేదు. ఇళ్ల మధ్యలోంచి వెళ్లేసరికి అది మురుక్కాలువ. మరి ఎందుకున్నారు?

అక్కడ ఏరు ఇచ్చింది నీళ్లు కాదు, చౌక. బెజవాడ మూడువైపులా బిగుసుకుపోయిన ఊరు. దక్షిణాన కృష్ణ, మధ్యలో మూడు కాలువలు, చుట్టూ కొండలు. పెరగడానికి మిగిలింది ఉత్తరాన బుడమేటి పల్లమే. నగరంలో ఆటో తోలేవాళ్లు, గాంధీనగర్ కొట్లల్లో, వన్‌టౌన్ హోల్‌సేల్ దుకాణాల్లో పనిచేసేవాళ్లు, ఆటోనగర్ మెకానిక్కులు, ఇళ్లలో పాచిపనికి వెళ్లే ఆడవాళ్లు ఎక్కడుండాలి? పనిచోటికి అరగంటలో చేరాలి, అద్దె జీతాన్ని మింగకూడదు. ఈ రెండూ కుదిరే చోటు పల్లమే. స్థలం కొనేటప్పుడు అది ఏటి దారని చెప్పేదెవరు? వేసవిలో చూస్తే పొడినేల. పైగా పక్కనే ప్రభుత్వమే పేదలకు కాలనీలు కట్టించింది. వాంబే ఇళ్లు, జక్కంపూడి ఇళ్లు అలా వచ్చినవే. సర్కారే పునాది తీసినచోట తానెందుకు భయపడాలనుకుంటాడు సామాన్యుడు. ఆ అనుకోవడంలో తప్పుపట్టడానికేమీ లేదు.

పల్లంలో చోటు దొరకనివాళ్లు కొండెక్కారు. మొగల్రాజపురం, గుణదల, విద్యాధరపురం కొండల మీద మెట్లు మెట్లుగా ఇళ్లు. మంచినీళ్ల బిందె మోసుకుంటూ ఎక్కాలి, గ్యాస్ బండను భుజాన పెట్టుకుని ఎక్కాలి. అదే ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇంటిమీద పడి ప్రాణాలు పోయాయి. కిందకొస్తే నీళ్ల భయం, పైకెళితే రాళ్ల భయం. మధ్యలో ఉన్న మంచి చోటు ఖరీదు వీళ్ల చేతికందేది కాదు. దీన్ని ‘ఎంచుకోవడం’ అనొచ్చా అన్నది ఆలోచించాల్సిన విషయమే. వెసువియస్ వాసికి వెళ్లిపోవడానికి డబ్బిస్తామన్నారు. 2024లో ఇక్కడ కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేల రూపాయలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు ఇచ్చారు. అది వెళ్లిపోవడానికి కాదు. బురద కడుక్కుని మళ్లీ అక్కడే ఉండటానికి.

బుడమేరు నగరాన్ని ముంచడం కొత్త కూడా కాదు. 2005 సెప్టెంబరులోనూ సింగ్‌నగర్ మునిగింది. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు. ఆ ఏడాది పుట్టిన పిల్ల 2024 నాటికి కాలేజీలో చేరింది. ఈ మధ్యలో వాగు సన్నబడింది, గట్లమీద ఇళ్లు లేచాయి, కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు పాత వరద సంగతే తెలియదు. అగ్నిపర్వతం నయం. ఎటు తిరిగినా కళ్లెదుట కనబడుతూనే ఉంటుంది. ఒక్కోసారి పొగ కూడా వదులుతుంది. బుడమేరు మాత్రం పంతొమ్మిదేళ్లు తుమ్మ కంపల వెనకాల నిద్రపోగలదు.

ఇదే ఏరు చివరికి చేరే కొల్లేటి జనం సంగతి మళ్లీ వేరు. లంక గ్రామాలవాళ్లు నీళ్లతోనే పుట్టారు. సరస్సు పెరిగితే గట్టెక్కడం, తగ్గితే చేపలు పట్టడం, సేద్యం చేయడం వాళ్లకు తెలుసు. 2006లో ఐదో కాంటూరు లోపల చేపల చెరువుల్ని ప్రభుత్వం కొట్టించేసినప్పుడు గొడవ జరిగింది బతుకుతెరువు గురించే, వరద గురించి కాదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న దివిసీమ కూడా ఖాళీ కాలేదు. సముద్రం తీసుకున్న ఊళ్లలోనే మళ్లీ నాట్లు పడ్డాయి, వలలు ఆరాయి. వీళ్లందరికీ నీటి మీద ఒక హక్కూ ఉంది, దాని గుణమూ తెలుసు. రెండూ లేనిది నగరపు పల్లంలో అద్దెకుండేవాడికే.

2024 వరద తర్వాత ‘ఆపరేషన్ బుడమేరు’ అన్న మాట వినబడింది. ఏటి దారిలో ఆక్రమణలు తొలగిస్తామని, మళ్లింపు కాలువను వెడల్పు చేసి ఇంకా ఎక్కువ నీళ్లు పట్టేలా చేస్తామని ప్రకటనలు వచ్చాయి. తొలగించడమంటే ఎవరి ఇల్లు, తొలగించి ఎక్కడికి పంపడం అన్న దగ్గర ప్రతిసారీ బండి ఆగుతుంది. పదిహేను కిలోమీటర్ల అవతల పట్టా ఇస్తే ఇల్లు మునగదు నిజమే. కానీ పొద్దున ఐదింటికి పాచిపనికి రావాల్సిన మనిషికి ఆ పదిహేను కిలోమీటర్లే వరద. ఏరు ఇరవై ఏళ్లకోసారి ముంచితే, బస్సు చార్జీ రోజూ ముంచుతుంది.

పైన మైలవరంలో మాత్రం తొలకరి పడగానే చెరువు తూముల దగ్గర పూడిక తీస్తారు, బోర్లలో నీళ్లు ఎంతపైకి వచ్చాయో చూసుకుంటారు. శ్రావణం దాటినా కొండల మీద మబ్బు దిగకపోతే దిగులు మొదలవుతుంది. మబ్బు దిగి, రాత్రంతా వాన కొట్టిందంటే తెల్లారి రైతు హాయిగా టీ కొట్టు దగ్గరికొస్తాడు. సరిగ్గా ఆ వేళకే, అక్కడికి నలభై కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న సింగ్‌నగర్‌లో, వెలగలేరు దగ్గర నీళ్లు ఎన్నడుగులకు వచ్చాయో కనుక్కోమని ఎవరో ఎవరికో ఫోన్ చేస్తుంటారు.